హాకీ స్టిక్కులకు తాళం వేస్తే భద్రత వచ్చేసినట్టేనా?

పోస్టు పెద్దదే, తీరిక చేసుకుని చదవండి. ఆశ్రమ స్కూళ్లలో, గురుకులాల్లో తమ్ముళ్లో చెల్లెళ్లో చదువుతున్నవాళ్లు మాత్రం చివరి దాకా చదవాలని అడుగుతున్నాం.

కిందటేడాది స్కూల్ గేమ్స్ జరుగుతున్న రోజుల్లో ఒక సాయంత్రం మా హాస్టల్‌కి ఫోన్ వచ్చింది. మన్యం నుంచి ఎవరినైనా రాజమండ్రి ఆసుపత్రికి దించితే ముందు ఫోన్ వచ్చేది మనకే అని మీకు తెలుసు. ఓపీ చీటీ ఎక్కడ రాయించాలి, స్కానింగ్ ఏ బిల్డింగులో, రాత్రి మంచం పక్కన ఎవరు పడుకోవాలి, ఇవన్నీ ఇక్కడ డిగ్రీ చదివే పిల్లల పనే. వెళ్లి చూస్తే మేం చదివిన స్కూల్లోనే తొమ్మిదో తరగతి చదువుతున్న తమ్ముడు. హాకీ మ్యాచ్‌లో బాల్ లేచి నోటికి తగిలింది. పై పెదవి చీలింది. ముందు పన్ను ఒకటి సగానికి విరిగింది, పక్కది వేరుతో సహా ఊడొచ్చింది. వెంట వచ్చిన సార్ చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి డాక్టర్ గారి చేతిలో పెట్టారు. అందులో ఉన్నది ఆ పన్నే. డాక్టర్ గారు దాన్ని లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి, "పాలల్లో వేసి గంటలోపు తెచ్చి ఉంటే మళ్లీ పెట్టడానికి చూసేవాళ్లం" అన్నారు. అప్పటికి దెబ్బ తగిలి నాలుగు గంటలు దాటింది. ఆ తమ్ముడు పొద్దున హాస్టల్లో పాలు తాగే మ్యాచ్‌కి బయల్దేరాడు. పాలు ఉన్నాయి. అందులో పన్ను వేయాలన్న సంగతే అక్కడ ఒక్కరికీ తెలియదు.

సార్‌ని తప్పుపట్టడానికి ఇది రాయట్లేదు. గ్రౌండు దగ్గర బండి లేకపోతే ఆయనే సొంత డబ్బులతో ఆటో మాట్లాడి, పిల్లాడి తల ఒళ్లో పెట్టుకుని తీసుకొచ్చారు. స్కూలు పేరు, మండలం పేరు కూడా రాయం. రాస్తే మాటంతా ఆ ఒక్క స్కూలు మీదకి పోతుంది, మిగతా స్కూళ్లు హమ్మయ్య అనుకుంటాయి.

అసలు మా కోపం ఆ తర్వాత జరిగిన దాని మీద. వారం తిరక్కుండా స్టిక్కులన్నీ పోగేసి స్టోర్ రూంలో పెట్టి తాళం వేశారు. "ఈ ఆట మనకొద్దురా, కబడ్డీ ఆడుకోండి" అన్నారట. ఇక ఆ తమ్ముడి పరిస్థితి చూడండి. పన్ను పోయింది, పైగా టీమ్‌లో మిగతా పిల్లలు వాడితో మాట్లాడటం మానేశారు. నీ వల్లే ఆట పోయింది అంటున్నారట. సంక్రాంతి సెలవుల్లో కలిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడాడు.

మేం ఎవరమో రెండు ముక్కల్లో చెప్పేస్తాం. ఐదుగురం. ముగ్గురం బాయ్స్ హాస్టల్, ఇద్దరు గర్ల్స్ హాస్టల్. టైపు చేసేది ఒకరు, మాటలు ఐదుగురివీ. అందరికీ ఇరవై అటూ ఇటూ. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఐదుగురం స్కూల్లో హాకీ ఆడాం. మన వైపు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, విలువిద్య ఉన్నంతగా హాకీ లేదు. మాకు వచ్చిన పీఈటీ సార్ ఒకప్పుడు హాకీ ఆడిన మనిషి కాబట్టి మాకు దొరికింది. ఆయన ట్రాన్స్‌ఫర్ అయి వెళ్లిపోయారు, స్టిక్కులు మాత్రం మిగిలాయి.

ఆ తమ్ముడి సంగతి జరిగాక మేం హాకీ రూల్స్ తీసి మొదటిసారి కుదురుగా చదివాం. ఐదేళ్లు ఆడి కూడా అప్పటి దాకా చదవలేదు, సార్ చెప్పిందే రూలు. చదువుతుంటే ఒక దగ్గర ఆగిపోయాం. అంతర్జాతీయ హాకీ సమాఖ్య రూల్స్ ప్రకారం గోల్ కీపర్ హెల్మెట్, లెగ్ గార్డులు, పాదాలకు కిక్కర్లు వేసుకుని తీరాలి. అది తప్పనిసరి. మిగతా ఆటగాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాట మారిపోతుంది. మోకాలి కింద ఎముకకి, చీలమండకి, నోటికి రక్షణ పెట్టుకోవాలని "సిఫారసు" చేస్తారట. అంటే పెట్టుకుంటే మంచిది అని.

డబ్బున్న స్కూల్లో "పెట్టుకుంటే మంచిది" అంటే అమ్మానాన్న కొనిపెడతారు. మన స్కూల్లో "పెట్టుకుంటే మంచిది" అంటే లేదు అని అర్థం. హాస్టల్ మెనూలో మనకి అలవాటైన మాటే ఇది. తప్పనిసరి అని రాసి ఉన్నదే ఒక్కోసారి రాదు, మంచిది అని రాసి ఉన్నది ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకో లెక్క చూడండి. క్రికెట్ బాల్ బరువు సుమారు 156 నుంచి 163 గ్రాములు. హాకీ బాల్ బరువు కూడా 156 నుంచి 163 గ్రాములు. చుట్టుకొలత కూడా దాదాపు అంతే, 22 సెంటీమీటర్ల పైన. రెండూ గట్టివే. మన ఊళ్లో ఏ పెద్దమనిషినైనా అడగండి, కార్క్ బాల్‌తో ప్యాడ్లు లేకుండా పిల్లాడిని బ్యాటింగ్‌కి దింపుతావా అని. దింపడు, పైగా మనల్నే తిడతాడు. అదే బరువున్న బాల్‌ని, చేతిలో కర్రలు ఉన్న ఇరవై రెండు మంది మధ్యలో, ఉత్తి మోకాళ్లతో ఆడించడం మాత్రం ఎవరికీ వింతగా అనిపించదు. హాకీ టీవీలో తక్కువ కనిపిస్తుంది కాబట్టి కావచ్చు.

మా టీమ్ గోలీ క్రికెట్ ప్యాడ్లతోనే ఆడాడు. ప్యాడ్ చీలమండ దగ్గర అయిపోతుంది, పాదం మీద ఏమీ ఉండదు. గోలీ ఎక్కువ బాల్స్ ఆపేది పాదంతోనే. వాడి కుడికాలి బొటనవేలి గోరు రెండుసార్లు ఊడింది. ఊడిన రోజు కూడా ఆడాడు, మేం చప్పట్లు కొట్టాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కిట్ లేకపోతే అసలు గోలీ లేకుండా పదకొండు మందీ మామూలు ఆటగాళ్లుగానే ఆడొచ్చని రూల్స్‌లో ఉంది. అప్పుడు ఎవరూ కాలితో బాల్ ఆపకూడదు, అంతే. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు.

ఇక గ్రౌండు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి పెద్ద హాకీ అంతా కృత్రిమ టర్ఫ్ మీదకి వెళ్లిపోయింది. దాని మీద బాల్ గీత గీసినట్టు పోతుంది. మన గ్రౌండ్లు గ్రావెల్. వానాకాలం అయ్యాక నీళ్లు పోయిన దారులన్నీ సన్నటి కాల్వల్లా మిగులుతాయి, మధ్యలో కంకర తేలుతుంది. నేలబారుగా కొట్టిన బాల్ కూడా రాయికి తగిలి ఛాతీ ఎత్తుకి లేస్తుంది. ఎవరూ కావాలని లేపరు. ఇక్కడే మన స్కూల్ అంపైర్లు ఒక తప్పు చేస్తున్నారని మా అభిప్రాయం. "బంప్ అయిందిలే, కావాలని కొట్టలేదుగా, ఆడండి" అంటారు. రూలు అలా లేదు. బాల్ ప్రమాదకరంగా వస్తోందా లేదా అన్నది చూడాలి. ఎదురుగా ఉన్నవాడు దెబ్బ తప్పించుకోవడానికి న్యాయంగా పక్కకి తప్పుకోవాల్సి వస్తే అది ప్రమాదకరమైన బాల్ కిందే లెక్క. కొట్టినవాడి మనసులో ఏముందో చూడక్కర్లేదు. ఐదు మీటర్ల లోపు ఎదుటి ఆటగాడు ఉండగా వాడి వైపు బాల్‌ని ఫ్లిక్ చేసి లేపినా అంతే. పైనుంచి దిగుతున్న బాల్‌ని ఒకడు అందుకుంటుంటే, అది నేల మీద వాడి అదుపులోకి వచ్చేదాకా ఎదుటి టీమ్ ఐదు మీటర్ల దూరంలోనే ఉండాలి. మన పిల్లలు ఏం చేస్తారు? బాల్ గాల్లోకి లేస్తే నలుగురు కిందికి పరిగెత్తి స్టిక్కులు పైకెత్తుతారు. విజిల్ రాదు. ఆ తమ్ముడికి తగిలింది అలాంటి గుంపులోనే.

పెనాల్టీ కార్నర్ గురించి చెప్పకపోతే ఈ పోస్టు రాసి లాభం లేదు. హాకీ ఆడనివాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాం. డీ లోపల డిఫెన్స్ తప్పు చేస్తే దాడి చేసే టీమ్‌కి పెనాల్టీ కార్నర్ ఇస్తారు. గోలీతో కలిపి ఐదుగురే గోల్ లైన్ వెనక నిలబడతారు. ఎదుటివాడు పక్క నుంచి బాల్ లోపలికి నెట్టగానే, డీ అంచున ఉన్నవాడు దాన్ని ఆపి గోల్‌కి బలంగా కొడతాడు. కొట్టేవాడికి ఎదురుగా డిఫెన్స్ నుంచి ఒకడు పరిగెత్తాలి, వాడిని రషర్ అంటారు. బాల్‌కి ఎదురెళ్లే ఉద్యోగం వాడిది. మా స్కూల్లో రషర్‌ని ఎలా ఎంచారో తెలుసా? సన్నగా ఉన్నవాడు, వేగంగా ఉరికేవాడు, ఎదురు మాట్లాడనివాడు. మాలో ఒకరు మూడేళ్లు ఆ పని చేశారు. మోకాలి కింద ఇప్పటికీ నల్లటి గుంట ఉంది.

2023 ఫిబ్రవరిలో కాకినాడలో సీనియర్ మహిళల జాతీయ హాకీ పోటీలు జరిగితే మాలో ఇద్దరు బస్సెక్కి వెళ్లారు. గోల్స్ కంటే వాళ్లకి ఎక్కువ గుర్తున్నది ఒకటుంది. పెనాల్టీ కార్నర్ అని అంపైర్ చెయ్యి చూపగానే డిఫెన్స్ అక్కలు గోల్ పోస్ట్ వెనక పెట్టుకున్న మాస్కులు తీసి ముఖానికి తగిలించుకున్నారు. కొందరు చేతికి గ్లౌజు కూడా వేసుకున్నారు. కార్నర్ అయిపోగానే తీసి పక్కకి విసిరేశారు. ఎవరూ వాళ్లని భయస్తులు అనలేదు. అదే మాస్కు మా స్కూల్లో ఎవడైనా అడిగి ఉంటే ఎంత నవ్వేవాళ్లమో మాకు తెలుసు.

ఈ కార్నర్‌కి కూడా పిల్లలని కాపాడే రూళ్లు ఉన్నాయి. మొదటి షాట్‌ని స్టిక్కుతో బాదితే అది గోల్ లైన్ దాటేటప్పుడు 460 మిల్లీమీటర్ల కంటే ఎత్తులో ఉండకూడదు. అంటే గోల్ అడుగున ఉండే చెక్క బోర్డు ఎత్తు, మోకాలి దగ్గరికి. బోర్డుకి తగిలితే టక్ మని చప్పుడు వస్తుంది, అనుమానం ఉండదు. మన గోల్ పోస్టులకి బోర్డే లేదు. రెండు కర్రలు, మీద అడ్డ కర్ర, అదృష్టం బాగుంటే వల. ఇక ఎత్తు ఎవరు చూడాలి? రషర్ సంగతి కూడా రూల్లో ఉంది. షాట్ కొట్టినవాడికి ఐదు మీటర్ల లోపు ఉన్న డిఫెండర్‌కి బాల్ మోకాలి కింద తగిలితే మళ్లీ కార్నర్ ఇస్తారు. మామూలుగా నిలబడ్డ ఎత్తులో మోకాలికి గానీ పైన గానీ తగిలితే ఆ షాట్ ప్రమాదకరం, ఫ్రీ హిట్ డిఫెన్స్‌కి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ ఒక్కటి నోటికి నేర్చుకోండి. తొడకి తగిలి కింద పడితే "నువ్వే అడ్డొచ్చావు" అని మళ్లీ కార్నర్ ఇచ్చే అంపైర్‌కి మర్యాదగా గుర్తు చెయ్యండి, సార్ ఇది మా బాల్ అని.

కార్డుల సంగతి. గ్రీన్ చూపిస్తే రెండు నిమిషాలు బయట, ఎల్లో అయితే కనీసం ఐదు, రెడ్ అయితే ఇక ఆ మ్యాచ్‌లో లేనట్టే. స్కూల్ మ్యాచ్‌ల్లో మేం ఐదేళ్లలో రెండు గ్రీన్ కార్డులు చూశాం. చిన్నపిల్లలు కదా పోనీలే అంటారు. పారిస్ ఒలింపిక్స్‌లో 2024 ఆగస్టు 4న గ్రేట్ బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్ గుర్తుందా? అమిత్ రోహిదాస్ స్టిక్ ఎదుటి ఆటగాడి ముఖానికి తగిలిందని రెడ్ కార్డ్ ఇచ్చారు. కావాలని కాదని మనవాళ్లు ఎంత మొత్తుకున్నా వినలేదు. 40 నిమిషాలకు పైగా పదిమందితో ఆడి, షూటౌట్లో 4-2తో గెలిచారు. సెమీఫైనల్‌కి అతను లేడు, జర్మనీ మీద 2-3తో ఓడాం. ఆ కార్డ్ న్యాయమా కాదా అని మా గదిలో ఇప్పటికీ కొట్లాటే. కానీ ఎదుటివాడి ముఖం దగ్గరికి స్టిక్ వెళ్తే ఒలింపిక్ పతకం కూడా పణంగా పెట్టాల్సి వస్తుందని ఆ రోజు తెలిసింది. మన మండల స్థాయి మ్యాచ్‌లో అదే పని జరిగితే "ఏయ్, చూసుకో" అని వదిలేస్తున్నారు.

ఇప్పుడు గ్రూపులో అన్నలు కొందరు అనబోయే మాట మాకు తెలుసు, మాలో ఒకరు కూడా అదే అన్నారు. జార్ఖండ్‌లో సిమ్‌డేగా సలీమా టెటే, ఖూంటీ నిక్కీ ప్రధాన్ వెదురు కర్రలతో, చెట్టు కొమ్మలతో ఆడి ఒలింపిక్స్‌కి వెళ్లలేదా? ఒడిశాలో సుందర్‌గఢ్ జిల్లా సౌనామారా అనే పల్లె నుంచి దిలీప్ తిర్కీ రాలేదా? 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇండియాకి మొదటి హాకీ బంగారం తెచ్చిన జట్టుకి కెప్టెన్ మన ముండా బిడ్డ జైపాల్ సింగ్ కాదా? మనవాళ్లకి కిట్లు ఎందుకు, రక్తంలోనే ఉంది కదా?

ఆ పేర్లు మాకూ గర్వమే. రూర్కెలాలో ప్రపంచ కప్ జరిగిన స్టేడియానికి బిర్సా ముండా పేరు ఉందని తెలిసిన రోజు మా హాస్టల్ గోడ మీద ఆ ఫొటో అంటించాం. కానీ "రక్తంలో ఉంది" అనే మాట మీద మాకు అనుమానం. అడవి బిడ్డలకి దెబ్బలు లెక్క కాదు అని పొగిడేవాళ్లే తర్వాత ప్యాడ్లు కొనరు. చెట్టు కొమ్మతో మొదలుపెట్టినవాళ్లు చెట్టు కొమ్మతోనే ఒలింపిక్స్ ఆడలేదు. వాళ్లకి దగ్గర్లో హాకీ సెంటర్లు, హాస్టళ్లు, కోచ్‌లు, తర్వాత టర్ఫ్ దొరికాయి. వెదురు కర్ర దగ్గర ఆగిపోయినవాళ్లు, పన్నో కన్నో పోగొట్టుకుని ఆట మానేసినవాళ్లు ఎంతమందో మనకి ఎవరు చెప్తారు? వాళ్ల మీద ఎవరూ వీడియోలు తీయరు. మన రాష్ట్రంలో చిత్తూరు జిల్లా నుంచి ఒలింపిక్స్ జట్టుకి వెళ్లిన ఎతిమరపు రజని గోల్ కీపర్. క్రికెట్ ప్యాడ్లతో ఆమె అక్కడి దాకా వెళ్లగలిగేదా, మీరే చెప్పండి.

అమెరికాలో హైస్కూల్ హాకీ ఎక్కువగా అమ్మాయిల ఆట, దానికి విడిగా రూల్ బుక్ ఉంది. అక్కడ షిన్ గార్డులు, మౌత్ గార్డు తప్పనిసరి. 2011-12 సీజన్ నుంచి దేశమంతా కళ్లకి రక్షణ అద్దాలు కూడా తప్పనిసరి చేశారు. అప్పుడు అక్కడా గొడవ జరిగింది. చూపు అడ్డుతుందని, అద్దాలు ఉన్నాయన్న ధైర్యంతో పిల్లలు మరీ మొరటుగా ఆడతారని కొందరు కోచ్‌లు అన్నారు. తర్వాత డాక్టర్లు ముందటి లెక్కలు, తర్వాతి లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే కంటి దెబ్బలు బాగా తగ్గాయి, తలకి తగిలే దెబ్బలు పెరగలేదు. మనకి అద్దాలు రేపే కావాలని మేం అడగట్లేదు. అంతర్జాతీయ రూల్ బుక్‌లో "మంచిది" అని ఉన్నదాన్ని, పిల్లల ఆట నడిపేవాళ్లు "తప్పనిసరి" అని మార్చుకున్నారు చూశారా, అది చెప్పడానికే రాశాం.

ఇక్కడే అసలు చిక్కు. మాలో మేం రెండు రాత్రులు వాదించుకున్నది దీని గురించే. రేపు ఎవరో ఒక ఆఫీసర్ మన మాట విని, "షిన్ గార్డు, మౌత్ గార్డు లేని పిల్లాడు గ్రౌండులోకి రాకూడదు" అని సర్క్యులర్ ఇచ్చారనుకోండి. మొదట బయట నిలబడేది ఎవరు? కాకినాడ, రాజమండ్రి ప్రైవేట్ స్కూళ్ల పిల్లలు బ్యాగుల్లోంచి కిట్లు తీసి వేసుకుంటారు. చింతూరు నుంచి, వై.రామవరం నుంచి, బుట్టాయగూడెం నుంచి తెల్లారుజామున బస్సెక్కి వచ్చిన మన పిల్లలు లైన్ బయట కూర్చుంటారు. స్పోర్ట్స్ సర్టిఫికెట్ పోతుంది, దాంతో స్పోర్ట్స్ కోటా పోతుంది. పిల్లల భద్రత కోసం పెట్టిన రూలు పిల్లలనే గెంటేస్తుంది. బూట్లు లేవని పరేడ్‌లోంచి తప్పించిన అనుభవం మనలో చాలామందికి ఉంది కదా.

అందుకే మా మాట ఇది. కిట్ తప్పనిసరి చెయ్యాలి, కానీ తేవాల్సింది ఆడే పిల్లాడు కాదు, ఆడించేవాళ్లు. బాల్ ఎవరు తెస్తారు? పోటీ పెట్టినవాళ్లు. గోల్ పోస్టులు, విజిల్, కార్డులు ఎవరివి? వాళ్లవే. షిన్ గార్డులు మాత్రం పిల్లల సొంత వస్తువు ఎలా అయ్యాయి?

ఖర్చు లెక్క కూడా వేశాం. మండల స్థాయి, డివిజన్ స్థాయి పోటీల్లో ఒక గ్రౌండు మీద ఒక సమయంలో ఒకే మ్యాచ్ నడుస్తుంది. కాబట్టి ప్రతి స్కూలుకీ అన్నీ కొనక్కర్లేదు. ఒక పెద్ద ట్రంకు పెట్టె చాలు. గోలీ కిట్లు రెండు, షిన్ గార్డులు ఇరవై జతల పైన, సబ్‌స్టిట్యూట్ లోపలికి వెళ్లేటప్పుడు మార్చుకుంటారు. మాస్కులు ఎన్ని కావాలో చూడండి. కార్నర్‌కి గోలీ కాక నిలబడేది నలుగురే, ఒక్కో గోల్ వెనక నాలుగు చొప్పున ఎనిమిది మాస్కులు. మ్యాచ్ అయ్యాక తుడిచి ఎండలో పెట్టి తర్వాతి టీమ్‌కి ఇస్తారు. ఆ పెట్టె ఈ పోటీ నుంచి ఆ పోటీకి తిరుగుతుంది. గోలీ కిట్ ఒక్కటే వేలల్లో ఉంటుంది, మిగతావి వందల్లో. మౌత్ గార్డు మాత్రం ఒకరిది ఇంకొకరు పెట్టుకునేది కాదు, ప్రతి పిల్లాడికీ విడిగా ఇవ్వాలి. వేడినీళ్లలో ముంచి మెత్తబడ్డాక పళ్ల మధ్య కొరికితే వాడి పళ్ల అచ్చు పడుతుంది. హాస్టల్ వంటగదిలో ఐదు నిమిషాల పని. ప్రారంభోత్సవం రోజు ఫ్లెక్సీకి, శాలువాలకి, మెమెంటోలకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అక్కడి నుంచే దీనికీ తేవచ్చు. శాలువా కప్పించుకున్న పెద్దలకి చలి లేదు కూడా, రాజమండ్రి ఎండల్లో.

పెట్టె వచ్చిందాకా ఆట ఆపాలా అని అడుగుతారు. ఆపక్కర్లేదు. బాల్ లేపడం పూర్తిగా నిషేధించి, కార్నర్లు లేకుండా, మెత్తటి బాల్‌తో ప్రాక్టీస్ చేయించవచ్చు. పాసింగ్, ట్రాపింగ్ అలాగే వస్తాయి. తాళం వెయ్యడం కంటే అది కష్టమేమీ కాదు.

ఇంకో కాగితం గురించి మాట్లాడాలి. పోటీలకి వెళ్లే ముందు అమ్మానాన్నల సంతకం కోసం ఒక ఫారం వస్తుంది. మాకు వచ్చినవి ఇంగ్లీషులో ఉన్నాయి. ప్రయాణంలో గానీ ఆటలో గానీ ఏం జరిగినా నిర్వాహకులకి బాధ్యత లేదు అని అందులో ఉందని మాకు డిగ్రీకి వచ్చాకే అర్థమైంది. మాలో ఒకరి అమ్మకి కోయ తప్ప తెలుగు కూడా సరిగా రాదు. వార్డెన్ సార్ మనిషిని పంపిస్తే, కొడుకు ఆటలకి వెళ్తున్నాడని సంతోషంగా వేలిముద్ర వేసింది. ఏ ఆట అని కూడా ఎవరూ చెప్పలేదు. అది అనుమతి ఎలా అవుతుంది? ఆ ఫారం తెలుగులో ఉండాలి, పేరెంట్స్ మీటింగులో కోయలో చదివి వినిపించాలి. ఏ ఆట, ఏ ఊరు, రాత్రి ఎక్కడ పడుకుంటారు, దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రికి ఏ బండిలో ఎవరు తీసుకెళ్తారు, వాళ్ల ఫోన్ నంబరు, ఇవన్నీ అందులో ఉండాలి. బాధ్యత లేదు అన్న లైను తీసేసి బాధ్యత ఎవరిదో రాయాలి.

గర్ల్స్ హాస్టల్ అక్క ఇంకోటి రాయమంది. ఆడపిల్లల టీమ్‌తో లేడీ టీచర్ లేకుండా పంపిన రోజులు ఆమె చూసింది. రాత్రి బసలో తలుపుకి గడియ లేక బెంచీ అడ్డం పెట్టుకుని పడుకున్నారట. 2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది. ఆడపిల్లల కోసం, మైనర్ల కోసం సేఫ్ స్పోర్ట్స్ పాలసీ ఉండాలని అందులో ఉంది. అది పైనున్న క్రీడా సంఘాలకి. మండల స్థాయి బసలో గడియ దాకా అది ఎప్పుడు దిగుతుందో చూడాలి. తాయెత్తులు, కడియాలు, ముక్కుపుడకల గురించి కూడా ఒక మాట. ఎదుటివాళ్లకి తగిలే వస్తువు ఒంటి మీద ఉండకూడదన్నది రూలే, ఒప్పుకుంటాం. కానీ "ఈ అడవి వేషాలేంటి" అని గ్రౌండులో అందరి ముందూ అనక్కర్లేదు. పక్కకి పిలిచి చెప్తే తీస్తారు, తీయడానికి రాకపోతే టేపు చుడతారు.

దెబ్బ తగిలితే ఏం చెయ్యాలో మాత్రం ఇప్పుడే చెప్పేస్తాం, దీనికి ఏ ఆఫీసర్ సంతకమూ అక్కర్లేదు. శాశ్వత పన్ను ఊడితే తెల్లటి భాగం పట్టుకుని తియ్యాలి, వేరు ముట్టకూడదు. మట్టి ఉంటే పాలతోనో మంచినీళ్లతోనో ఒక్కసారి కడగాలి, రుద్దకూడదు. పిల్లాడు తెలివిగా ఉంటే అదే గుంటలో పెట్టి మెత్తటి గుడ్డ కొరికి పట్టుకోమనాలి. కుదరకపోతే చల్లటి పాలల్లో వేసి గంటలోపు పళ్ల డాక్టర్ దగ్గరికి. కాగితంలో చుట్టొద్దు. రంపచోడవరం నుంచి రాజమండ్రికి అరవై కిలోమీటర్ల లోపే గానీ బస్సు కోసం చూస్తే ఆ గంట అక్కడే అయిపోతుంది. తలకి తగిలి వాంతి, మత్తు, తలనొప్పి, అడిగినదానికి పొంతన లేని జవాబు, వీటిలో ఏది కనిపించినా ఆ రోజు మళ్లీ ఆడించొద్దు, ఒంటరిగా వదలొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి. "నేను బాగానే ఉన్నా సార్" అని పిల్లాడు అంటాడు. మేం కూడా అన్నాం. ఆశ్రమ స్కూళ్లలో ఏఎన్ఎంలని పెట్టమని విద్యార్థి సంఘాలు ఎప్పటి నుంచో అడుగుతున్నాయి, పోటీలు జరిగే గ్రౌండు దగ్గరైనా ఒకరిని కూర్చోబెట్టమని ఇప్పుడు అడుగుతున్నాం.

అర్జీ రాశాం, రెండు పేజీలు. కిట్ పెట్టె, తెలుగు ఫారం, గ్రౌండు దగ్గర బండి, గోల్‌కి అడుగున బోర్డు, స్టోర్ రూం తాళం. ఈ ఐదే. వచ్చే సోమవారం రంపచోడవరం ఐటీడీఏ గ్రీవెన్స్‌లో ఇస్తున్నాం. పొద్దున ఆరింటికి రాజమండ్రి కాంప్లెక్స్‌లో కలుద్దాం. కె.ఆర్.పురం, చింతూరు ఐటీడీఏల వైపు వాళ్లు అదే అర్జీ మీ దగ్గర ఇవ్వండి, కాపీ అడిగితే పంపుతాం. మీ స్కూల్లో ఇచ్చిన పాత అనుమతి ఫారం ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో తీసి పంపండి, పిల్లల పేర్లు కనబడకుండా చెరిపేసి. ఆ తమ్ముడు కూడా వస్తానన్నాడు. వాళ్ల నాన్న ఒప్పుకుంటే.